డయాలసిస్ ఉద్యోగం చేస్తూ బాడీబిల్డింగ్: నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. ఉద్దానం అనగానే బయటివాళ్లకు కొబ్బరితోటలు, జీడితోటలు గుర్తొస్తాయి, వెంటనే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. మా ఊళ్లో ఎవరైనా రక్తపరీక్ష చేయించుకుని వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు మొదట అడిగేది "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం అది, డాక్టర్లు క్రియాటినిన్ అంటారు. మావాళ్ల నోట్లో అది క్రియాటినే. నేను బైపీసీ చదువుతున్నప్పుడు మా పెద్దమ్మకు డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేసి ఒంట్లో అదనపు నీరు తీయడం, మొదలైంది. వారానికి రెండుసార్లు చీకటితో లేచి ఆమెను శ్రీకాకుళం తీసుకెళ్లే పని నాది. మిషన్ నడిచే నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చుని బోటనీ చదువుకునేవాణ్ణి. తిరిగి ఇంటికి చేరగానే సైకిలేసుకుని సోంపేట జిమ్‌కి పోయేవాణ్ణి.

అప్పుడు నాకు పదిహేడేళ్లు, బరువు 56 కిలోలు. కండబలానికి పేరున్న ప్రాంతం మాది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి గురించి మా తాత ఎన్నో చెప్పేవాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఎప్పటికైనా స్టేజీ ఎక్కాలని అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాను.

2017లో నీట్ రాశాను, సీటు వచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్‌లో చేరి 2018లో మళ్లీ రాశాను. ఆ హాస్టల్లో ఉన్న పది నెలలూ జిమ్ లేదు, సరైన తిండి లేదు, అయిదు కిలోలు తగ్గాను. రెండోసారీ రాలేదు. "ఇంకో ఏడాది చదువుతావా, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు నాన్న. జీడితోట మీద వచ్చేదెంతో నాకు తెలుసు. ఎంబీబీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఆపైన పీజీ మూడేళ్లు. అది వద్దనుకున్నాను. కానీ ఆసుపత్రి పని వద్దనిపించలేదు. పెద్దమ్మతో తిరిగిన ఏడాదిలో ఆ పని మీద నాకు గౌరవం పెరిగింది. బాడీబిల్డింగ్ కూడా వదలనని తేల్చుకున్నాను. ఈ రెండూ ఒక్క జీవితంలో ఇమిడే ఉద్యోగం ఏదో వెతకాలి.

ఇంటర్నెట్‌లో చూస్తే ఎక్కడ చూసినా జీతాలు, సీట్ల సంఖ్యలే. నాకు కావలసింది అది కాదు. ఒక నోట్‌బుక్ పట్టుకుని, తెలిసినవాళ్ల ద్వారా ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లను కలిసి, అందరినీ ఇవే ప్రశ్నలు అడిగాను. ఎన్ని గంటలకు నిద్ర లేస్తారు? మధ్యాహ్నం భోజనం రోజూ ఒకే వేళకు దొరుకుతుందా? నెలలో ఎన్ని రాత్రులు డ్యూటీ? సెలవు రోజున ఫోన్ వస్తే పరిగెత్తాలా? జిమ్‌లో ఉండేది గంటన్నరే. ఆ గంటన్నర పడిన కష్టం ఒంటికి పట్టేది మిగతా ఇరవై రెండున్నర గంటల నిద్రలో, తిండిలో. అందుకే డ్యూటీ ఎన్ని గంటలన్నదాని కంటే ఆ గంటలు వారం వారం మారతాయా, ఒకేలా ఉంటాయా అన్నదే నాకు ముఖ్యమైంది.

మా జిమ్‌లో అందరూ ఫిజియోథెరపీ చదవమన్నారు. కండరాల గురించి అంత లోతుగా చెప్పే కోర్సు ఇంకొకటి లేదు, అది నిజమే. కానీ సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఫిజియో సార్‌ని కలిస్తే ఒక సంగతి తెలిసింది. పేషెంట్లు ఆఫీసుకు వెళ్లే ముందు పొద్దున్నే వస్తారు, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాత వస్తారు. సరిగ్గా అవే జిమ్ వేళలు. పైగా రోజంతా చేతులతో, నడుముతో చేసే పని. "సాయంత్రానికి నా భుజాలే నొప్పెడతాయి తమ్ముడూ" అన్నాడాయన. నర్సింగ్ చేస్తున్న మా వీధి అక్క తన నెల డ్యూటీ చార్టు చూపించింది. ఒక వారం పగలు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఎముకలు అరిగేంత పని, ఎంతో గొప్ప పని, కానీ నిద్రకు ఒక వేళంటూ ఉండదు. ఫార్మసీ చదివినవాళ్లు మందుల షాపులో రాత్రి పదింటి దాకా నిలబడే ఉన్నారు. ల్యాబ్ టెక్నీషియన్ పని నాకు నచ్చింది. పరగడుపు శాంపిళ్ల కోసం తెల్లారే వెళ్లాలి, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఎక్స్‌రే, సీటీ వైపు కూడా ఆలోచించాను, అయితే యాక్సిడెంట్ కేసులు రాత్రిళ్లు కూడా వస్తాయి కాబట్టి అక్కడా నైట్ డ్యూటీలు తిరుగుతూనే ఉంటాయి.

నోట్‌బుక్ సగం నిండాక ఒకరోజు పెద్దమ్మతో డయాలసిస్‌కి వెళ్లి అదే బెంచీ మీద కూర్చున్నాను. గోడ మీద పేషెంట్ల టైంటేబుల్ కనిపించింది. కొందరికి సోమ, బుధ, శుక్రవారాలు. కొందరికి మంగళ, గురు, శనివారాలు. పొద్దున ఆరుకు ఒక బ్యాచ్, పదకొండుకు ఒకటి, సాయంత్రం నాలుగుకు ఒకటి. ఒక్కొక్కరికీ నాలుగు గంటలు. ఆదివారం యూనిట్ మూసేస్తారు. ఏడాదికి పైగా ఆ కాగితం ఎదురుగానే కూర్చున్నాను కానీ ఆ కంటితో ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో ఇంత కచ్చితమైన గడియారం ఉన్న విభాగం నాకు మరొకటి కనబడలేదు. అక్కడి సీనియర్ టెక్నీషియన్ అన్నని అడిగితే, ఎమర్జెన్సీ డయాలసిస్‌కి అప్పుడప్పుడు రాత్రి పిలుపు వస్తుందని, మొదటి బ్యాచ్ డ్యూటీ అడిగి తీసుకుంటే మధ్యాహ్నం మూడుకల్లా ఇంటికి పోవచ్చని చెప్పాడు. "కానీ జీతం చూసి రావద్దు, మనుషుల్ని చూసి రా" అన్నాడు. మా ఊరివాడిగా ఆ మాట నాకు బాగా తగిలింది.

2019లో విశాఖపట్నంలో బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీలో చేరాను. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. చేరాలనుకునేవాళ్లు ముందుగానే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోవాలి. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. రోజూ రక్తంతోనే పని కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి జిమ్‌లు మూతపడ్డాయి. డయాలసిస్ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. వరసగా రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల దాకా వెళ్లగల మనుషులు వాళ్లు.

మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పొద్దున డ్యూటీ ఒక్కటే అని చెప్పి చేర్చుకున్నారు. రెండో నెల నుంచి మూడు బ్యాచ్‌లూ చేయించారు. పొద్దున అయిదున్నరకు వెళితే రాత్రి తొమ్మిదికి బయటికి. నాలుగు నెలలు జిమ్ గడప తొక్కలేదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను, డ్యూటీ వేళలు నోటిమాటగా ఒప్పుకోకండి, అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. అక్కడ మానేసి ఇప్పుడున్న యూనిట్‌కి రెండు వేలు తక్కువ జీతానికి వచ్చాను. ఆ రెండు వేల కోసం ఒక్కరోజూ బాధపడలేదు.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంటుంది. నాలుగున్నరకు లేచి నాలుగు గుడ్లు, ఓట్స్ తిని బయల్దేరతాను. అయిదున్నరకు యూనిట్‌లో ఉండాలి. నీటి ప్లాంటు చూసుకోవడం మొదటి పని. ఒక్క మనిషికి ఒక్కసారి డయాలసిస్ చేయడానికి దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి, అందులో తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆరుకు పేషెంట్లు వస్తారు. బరువు తూస్తాం, సూదులు పెడతాం, మిషన్ ఎక్కిస్తాం. పదిన్నరకు అన్నం, మీల్‌మేకర్ (సోయా) కూర. రెండో బ్యాచ్ నడుస్తుండగా ఒంటిగంటకు చికెన్. మూడుకు బయటపడి గంట పడుకుంటాను. అయిదుకు జిమ్. తొమ్మిదిన్నరకు నిద్ర. నా బరువు ఇప్పుడు 74, ప్రోటీన్ రోజుకు 135 గ్రాములు. మూడొందల గ్రాముల చికెన్‌తో 65 గ్రాముల దాకా వస్తుంది, నాలుగు గుడ్లూ ఆరు తెల్లసొనలతో 45, యాభై గ్రాముల మీల్‌మేకర్‌తో పాతిక. పొడుల డబ్బాలు లేకుండానే లెక్క సరిపోతుంది.

డబ్బా అంటే గుర్తొచ్చింది. ఒకసారి సెలవుకు ఇంటికి క్రియాటిన్ డబ్బా తీసుకెళ్లాను, జిమ్ చేసేవాళ్లు కండబలం కోసం తాగే పొడి అది. మా అమ్మ పైన పేరు చదివి అక్కడే కూలబడిపోయింది. ఊరంతా ఏది పెరిగిందని ఏడుస్తుందో దాన్నే కొడుకు కొనుక్కుని తాగుతున్నాడని ఆమె అనుకుంది. పెద్దమ్మ పోయి అప్పటికి ఏడాదే అయింది. క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు అని చెప్పాను కానీ, ఆమె కోసం రక్తపరీక్ష చేయించుకున్నాను. 1.3 వచ్చింది. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. నాకూ టెన్షన్ పట్టుకుంది, ఉద్దానంలో పుట్టినవాణ్ణి కదా. మా యూనిట్ నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) మేడమ్ చూసి, కండ ఎక్కువున్నవాళ్లకు, క్రియాటిన్ తీసుకునేవాళ్లకు కిడ్నీలు బాగున్నా ఈ అంకె కాస్త ఎక్కువగా కనిపించవచ్చని, దీనొక్కదాన్నే నమ్మొద్దని చెప్పి కిడ్నీల పనితీరు చూపే సిస్టాటిన్ సి రక్తపరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష రాశారు. రెండూ బాగున్నాయి. అయినా ఆ డబ్బా మానేశాను. అది లేకుండా నేను ఎదగగలను, అమ్మ నిద్ర లేకుండా బతకలేదు. ఆర్నెల్లకోసారి పరీక్ష మాత్రం చేయించుకుంటున్నాను. కిడ్నీలకు మంచివి కావని నొప్పి మాత్రలు కూడా ముట్టుకోను. భుజం నొప్పెడితే ఆ వారం బరువు తగ్గించుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. 2024లో మొదటిసారి 70 కిలోల విభాగంలో జిల్లా పోటీకి దిగాను. పద్నాలుగు వారాలు కొంచెం కొంచెంగా తిండి తగ్గించి 71 దాకా వచ్చాను. చివరి మూడు రోజులు ఉప్పు, నీళ్లు బాగా తగ్గించమని నాకు నేర్పిన కోచ్ చెప్పాడు. చర్మం కింద నీరు పోయి గీతలు బాగా కనిపిస్తాయని నమ్మకం. నేను అలాగే చేశాను. పోటీ రోజు పొద్దున బరువు 69.4. స్టేజీ వెనక నిలబడి ఉండగా రెండు పిక్కలూ రాళ్లలా బిగుసుకుపోయాయి. కళ్ల ముందు చీకటి. పక్కనున్న కుర్రాడు పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణి.

ఆ పిక్కల బిగుతు, ఆ చీకటి నేను రోజూ చూసేవే. పేషెంటు ఒంట్లోంచి మిషన్ ఎక్కువ నీరు, తొందరగా లాగేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. మేం వెంటనే నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తి పెట్టి, సెలైన్ ఇస్తాం. ప్రతి పేషెంటుకూ ఒక డ్రై వెయిట్ ఉంటుంది, ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. దాని కిందికి ఒక్క అరకిలో కూడా దింపకూడదని జూనియర్లకు పాఠం చెప్పేవాణ్ణి నేను. నా ఒంటి మీద నేనే ఆ తప్పు చేశాను. చాలా సిగ్గనిపించింది. కండలో నాలుగింట మూడొంతులు నీరే. నీరు తీసేస్తే ముందు ఆ కండే చదునవుతుంది. ఆ రోజు నా ఫొటోలు చూస్తే అది తెలిసిపోతుంది. నీరు పోవడానికి మాత్రలు వేసుకునేవాళ్లు కూడా పోటీల్లో ఉంటారు. అవి ఒంట్లో పొటాషియాన్ని తారుమారు చేసి గుండె లయనే చెడగొట్టగలవు. ఆ మాత్రల జోలికి ఏ పిల్లాడూ వెళ్లకూడదని నా కోరిక. ఎవరైనా వేసుకుంటుంటే వెళ్లి చెబుతాను కూడా.

ఆ పోటీలో నాకు ఏ స్థానమూ రాలేదు. మర్నాడు సోమవారం డ్యూటీకి వెళ్లాను. మొదటి మంచం మీదుండే తాత మా సోంపేటవైపు మనిషే, చేపలవేటకు వెళ్లేవాడు. నీళ్లు రోజుకు లీటరు దాటకూడదు ఆయనకు. ఎండాకాలం ఆ దాహం ఎలా ఉంటుందో మూడు రోజులు నీళ్లు బాగా తగ్గించుకున్నాక నాకు అర్థమైంది. అంతకుముందు ఆయన రెండు కిలోలు ఎక్కువ బరువుతో వస్తే కోప్పడేవాణ్ణి. ఆ తర్వాత ఎప్పుడూ కోప్పడలేదు. ఐసు ముక్క చప్పరించడం, నిమ్మచెక్క నాలుక మీద పెట్టుకోవడం, కూరలో ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గడం, ఇవన్నీ కూర్చుని చెప్పాను. కొబ్బరితోటల మధ్య పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడని బతుకు ఆయనది, పొటాషియం పెరుగుతుందని. కానీ గుడ్డు తెల్లసొన ఆయనా తినాలి, నేనూ తినాలి. డయాలసిస్‌లో ప్రోటీన్ పోతుంది కాబట్టి డైటీషియన్ ఆయనకు రోజూ తినమని రాసింది. చేతిలో ఫిస్టులా, అంటే సూదులు పెట్టడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం, బలపడడానికి రబ్బరు బంతి పిసికించింది కూడా నేనే.

ఈ ఏడాది మళ్లీ పోటీకి తయారవుతున్నాను. ఈసారి 75 విభాగంలో, నీళ్లు మానకుండా. మొన్న బరువు తూయడానికి తాతను మిషన్ దగ్గరికి తీసుకొస్తే, "ముందు నువ్వెక్కు బావూ, నీదెంతొచ్చిందేటి?" అన్నాడు. ఎక్కాను. 74.2. తర్వాత ఆయన ఎక్కాడు. శుక్రవారం నుంచి కిలోంబావే పెరిగాడు. రెండు అంకెలూ ఆయన ఫైలు మీదే రాయమన్నాడు. నాది పెన్సిల్‌తో మూలన రాసి, ఆయన్ని మంచం ఎక్కించి సూది పెట్టాను.