హాంగ్‌జౌలో నిద్ర కోసం అడవి రేగు గింజల కషాయం – నా అనుభవం

పోయిన చలికాలంలో నాకు నిద్ర బాగా దెబ్బతింది, పడుకుంటే పట్టేది కాదు, పట్టినా అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేసి గుండె దడదడలాడేది, ఇక పొద్దున్న మీటింగ్‌లో ఎవరేం చెప్పారో గుర్తుంటే ఒట్టు. నేనుండేది చైనాలో, హాంగ్‌జౌలో. కొలీగ్స్ అందరిదీ ఒకటే మాట, జోంగ్‌యీ హాస్పిటల్‌కి వెళ్ళు అని, అంటే వాళ్ళ సంప్రదాయ వైద్యం. నేను ముందు మామూలు డాక్టర్ దగ్గర థైరాయిడ్, రక్తం టెస్టులు చేయించుకుని అన్నీ నార్మల్ అన్నాకే వెళ్ళా, ఆ వరస మాత్రం మార్చొద్దని నా మాట.

అపాయింట్‌మెంట్ వీచాట్ యాప్‌లోనే, పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి డాక్టర్‌నీ టైమ్‌నీ ఎంచుకోవడమే. డాక్టర్ పెద్దావిడ. మణికట్టు కింద చిన్న దిండు పెట్టి మూడు వేళ్ళతో రెండు చేతులా నాడి చూసింది, నాలుక చాపమంది, తర్వాత కలలొస్తాయా, రాత్రిళ్ళు చెమట పడుతుందా, నోరెండుతుందా, విరేచనం ఎలా అవుతోంది అని ఒకటే ప్రశ్నలు, నాతో వచ్చిన అమ్మాయి అవన్నీ ఇంగ్లీషులో చెప్పలేక నవ్వాపుకుంటోంది. నిద్రమాత్రలేమైనా వాడుతున్నావా అని మాత్రం గుచ్చి గుచ్చి అడిగింది, వాటికి ఈ కషాయం తోడైతే మగత ఎక్కువవుతుందట.

రాసింది సువాన్ జావో రెన్ కషాయం. ఇది సుమారు 1800 ఏళ్ళ కిందట హాన్ రాజవంశం కాలంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చెప్పిన మందు. అసలు సరుకు అడవి రేగు గింజ, దానికి తోడు పైన్ చెట్ల వేళ్ళ మీద పెరిగే ఫూలింగ్ అనే శిలీంధ్రం, జీము, చువాన్‌శ్యోంగ్ అని రెండు దుంపలు, మన అతిమధురం. నాకు మతిమరుపు కూడా ఉందన్నానని యువాన్ జీ అనే వేరు కొంచెం కలిపింది, కలిపే ముందు గ్యాస్ట్రిక్ ప్రాబ్లమ్ ఉందా అనడిగింది, ఆ వేరు కడుపుకి పడదట కొందరికి.

ఇంట్లో అమ్మకి ఫోన్‌లో చెప్తే "రేగ్గింజలకి అంత దూరంలో డబ్బులు పోస్తున్నావా, భోగిపళ్ళ గింజలు ఎండబెట్టి పంపనా ఏంటే" అంది. నవ్వొచ్చింది గానీ ఆ ప్రశ్న నిజంగా పెద్ద ప్రశ్నే. ఎందుకంటే మన రేగు వేరే జాతి, మందుకి వాడేది ఉత్తర చైనా కొండల్లో, ముఖ్యంగా హబెయ్‌లో శింగ్‌తాయ్ వైపు పెరిగే పుల్లటి చిన్న కాయ, అందులోనూ టెంక పగలగొట్టి లోపలి పప్పు తీయాలి. ఆ పప్పు రేటు బాగా ఎక్కువ, అందుకని మన రేగు జాతి పప్పే, నైరుతి చైనాలోని యునాన్ నుంచీ మయన్మార్ నుంచీ వచ్చేది, దాంట్లో కలిపేస్తారు! మా ఇంటి దగ్గర ఒక షాపులో చవగ్గా చూపించింది అదేనని నా అనుమానం. హాస్పిటల్ మందుల కౌంటర్‌లో అతను తేడా చేతిలో పెట్టి చూపించాడు, అసలుది ఊదా ఎరుపులో నున్నగా మెరుస్తుంది, ఒక వైపు బల్లపరుపుగా ఉండి నడుమ నిలువుగా గీత ఉబ్బి ఉంటుంది, కల్తీది పసుపు గోధుమ రంగు, ఆ గీత ఉండదు. ల్యాబ్‌లో అయితే గింజలో ఉండే జుజుబోసైడ్ ఏ, స్పినోసిన్ అనే రసాయనాలు ఎంతున్నాయో చూస్తారు.

కల్తీ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి, ఇక్కడ హఫాంగ్ వీధి పక్కన 1874లో హు శ్వేయెన్ అనే వ్యాపారి పెట్టిన హు చింగ్ యూ తాంగ్ అనే మందుల కొట్టు ఉంది, ఇప్పుడు మ్యూజియం కూడా. అందులో 'మోసం చేయకు' అనే బోర్డు 1878 నాటిది, కస్టమర్లకి కాదు, లోపల పనివాళ్ళకి ఎదురుగా కనపడేలా పెట్టాడు. నాకు భలే నచ్చింది.

కాచడం దగ్గరికొస్తే, హాస్పిటల్ వాళ్ళే కాచి ప్యాకెట్లలో ఇస్తారు గానీ నేను ఇంట్లోనే చేసుకుంటా అన్నా. వేయించిన గింజల్ని కౌంటర్‌లోనే దంచి ఇస్తారు, దంచకపోతే సారం దిగదు. మట్టికుండలో, ఇనుప గిన్నె వద్దన్నారు, చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, మరిగాక సన్న సెగ మీద ఇంకో అరగంట, వడకట్టి మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచి రెండూ కలిపి సగం సాయంత్రం, సగం పడుకునే ముందు. రుచి ఊహించినంత ఘోరం కాదు, కాస్త పులుపు కాస్త తీపి, యువాన్ జీ వల్ల గొంతులో గరగర. ఇల్లంతా వాసన మాత్రం రెండ్రోజులు పోదు.

మొదట్లో ఏమీ తెలీలేదు, తర్వాత తర్వాత మెలకువలు తగ్గాయి, దడ పోయింది. అయితే అదే టైమ్‌లో డాక్టర్ చెప్పిందని సాయంత్రం కాఫీ కూడా మానేశా, సో క్రెడిట్ మొత్తం గింజలకే ఇవ్వలేను. మతిమరుపు సంగతంటారా, నిద్ర పడితే అదే సర్దుకుంది, యువాన్ జీ పనితనం విడిగా నాకేం కనపడలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు కడుపులో కొంచెం తిప్పుతోందంటే ఆవిడ ఆ వేరు తీసేసి మిగతావి ఉంచింది, ఆ కోర్సు అయ్యాక ఇక చాలు, ఆపెయ్ అంది, ఆపేశా.