బరువు దించుకునే చెట్ల వెంబడి

పాలకొండ కాంప్లెక్సులో బస్సు దిగి ఇంకా సంచులు సర్దుకోనే లేదు, ఒక ఆటో అబ్బాయి ఎదురొచ్చాడు. "సీతంపేటకేనా అమ్మా? ఆడలి, మెట్టుగూడ, పార్కు, అన్నీ మూడు గంటల్లో చూపించి మళ్లీ ఇక్కడే దింపుతాను. పద్దెనిమిది వందలివ్వండి, చాలు." మేము నాలుగు రోజులుండటానికి వచ్చామని వదిన చెప్పింది. అతను ఆశ్చర్యపోయి, "నాలుగు రోజులు చూడటానికి అక్కడ ఏముందమ్మా?" అన్నాడు.

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్నకు నాకు కోపం వచ్చింది. రెండు నెలలుగా శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చిన ప్రతివారూ అదే అడిగారు. కొండలంటే ఊటీ, లేదంటే అరకు. అరకు అయితే రైల్లో వెళ్లాలి, సొరంగాలు లెక్కపెట్టాలి, బొర్రా గుహలు చూసి సాయంత్రానికి తిరిగిరావాలి. మే నెలలో, అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్లు సీతంపేట కొండల్లో నడవటానికి వెళ్తున్నారంటే ఎవరికీ మింగుడుపడలేదు. మా అన్నయ్య అయితే వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏటా ఆగస్టు 29న బడిలో గిడుగు వెంకట రామమూర్తిగారి ఫొటోకు దండ వేసి వాడుక భాష గురించి మాట్లాడేవాళ్లం. ఆయన 1863లో మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారనీ, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ కొండల్లో ఉండే సవర గిరిజనులను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారనీ, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారనీ పిల్లలకు చెప్పేదాన్ని. సవరల కోసం అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. భాష వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకున్నారు. ఆ మాట మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయేదాన్ని. ఆ కొండల్లో నేను ఒక్క కిలోమీటరైనా నడవలేదు. ఆయన తిరిగినవి ఎక్కువగా పర్లాకిమిడి వైపు కొండలే అయినా, ఈ వరుసే అటు సాగుతుంది. సవరలు ఇక్కడా ఉన్నారు. అందుకే సీతంపేట అన్నాను.

నెమ్మదిగా నడవాలన్నది వదిన షరతు. ఆమెకు అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు. డాక్టరు నడవమన్నాడు, పరుగెత్తవద్దన్నాడు. భోజనాల బల్ల మీద పాత క్యాలెండరు వెనక్కి తిప్పి పరిచి, రోజుకు ఎంత దూరం, ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అని గీతలు గీసుకున్నాం. హైదరాబాదు నుంచి మేనల్లుడు ఫోనులో ఒక సూత్రం చెప్పాడు. నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్కట అది: గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. మే నెల ఎండనూ వదిన మోకాళ్లనూ కలుపుకుని మేము దాన్ని సగానికి సగం తగ్గించాం. కొండల్లో చల్లగా ఉంటుందన్న మాటను కూడా నమ్మలేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది. ఇక్కడ మేము ఎక్కేది అందులో సగం కూడా ఉండదు. రెండు మూడు డిగ్రీల తేడాను నమ్ముకుని మధ్యాహ్నం నడవలేం. కాబట్టి సూర్యోదయం ఐదుంపావు ప్రాంతంలో అయితే ఐదింటికల్లా దారిలో ఉండాలి, తొమ్మిదికల్లా నీడలో ఉండాలి. మధ్యాహ్నం తరువాత ఉరుములు, పిడుగులు. ఇవన్నీ కాక ఏనుగులు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపులు ఈ ప్రాంతంలో ఏళ్లుగా తిరుగుతున్నాయి, మనుషుల ప్రాణాలూ తీశాయి. బయలుదేరే ముందురోజు రాత్రి కూడా గుంపు ఎటువైపు ఉందో ఫోను చేసి కనుక్కున్నాం. దారి తెలిసిన ఊరి కుర్రాడు వెంట లేకుండా అడుగు పెట్టకూడదని ఒప్పుకున్నాకే అన్నయ్య మాట్లాడాడు.

2022 ఏప్రిల్ నుంచి పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కాగితాల మీద మాది పొరుగు జిల్లా ప్రయాణం. నా నోటికి మాత్రం ఇంకా మన సీతంపేటే.

మొదటి రోజు గురించి చెప్పేదేమీ లేదు. గదికి రోజుకు పదిహేను వందలు తీసుకున్నారు. ఫ్యాను తిరిగితే దీపం వెలగదు, దీపం వెలిగితే ఫ్యాను తిరగదు. చెప్పినా వినేవాళ్లు లేరు. సాయంత్రం మెట్టుగూడ జలపాతానికి వెళ్తే, సన్నబడిన నీటి ధార కన్నా పెద్ద చప్పుడుతో ఎవరో స్పీకరు పెట్టారు. ప్లాస్టిక్ పళ్లేలు రాళ్ల సందుల్లో కుక్కి ఉన్నాయి. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు కూడా ఇలాగే ఉంటుంది, అక్కడ అలవాటైపోయింది. ఇక్కడ చూస్తే కడుపు మండింది. వదిన ఏమీ అనకుండా నాలుగు పళ్లేలు తీసి సంచిలో వేసుకుంది.

రెండో రోజు వేరు.

చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే ఆటో మమ్మల్ని కొండ మొదట్లో దింపి వెళ్లింది. పోనూ రానూ ఆరువందలు. మాతో వచ్చిన కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, సవర. నేను టీచర్నని తెలిసిన క్షణం నుంచి నాకన్నా ముందు నడవటానికి మొహమాటపడ్డాడు. "బాబూ, దారి తెలిసినవాడివి నువ్వు, ముందు నడువు" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. దారికి రెండు వైపులా జీడితోటలు. పిక్క తీసేసి పారేసిన జీడిమామిడి పళ్లు నేలంతా ఎర్రగా, పసుపుగా పడి ఉన్నాయి. ఆ వాసన తీపీ కాదు, పులుపూ కాదు, కల్లుకుండ దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. పలాసలో జీడిపప్పు కొన్న ఏ రోజూ ఈ వాసన నాకు తెలియదు.

మేము గీసుకున్న కాగితం ప్రకారం మొదటి విరామం నలభై నిమిషాలకు. ఇరవై నిమిషాలకే వదిన శ్వాస బరువెక్కింది. అయినా కాగితం చూసుకుని, "ఇంకా ఉందిగా, పద" అంది. అప్పుడు ఎదురుగా పై నుంచి ఒకావిడ దిగుతూ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. తలమీద చుట్టకుదురు, దాని మీద గంప, గంపలో రెండు పనసకాయలు, వాటి మధ్య జీడిపిక్కల మూట. చెప్పులు లేవు. మమ్మల్ని చూసి ఆగలేదు. మరో పదడుగులు వేసి, ఒక చింతచెట్టు కింద నడుమెత్తు బండ ఉంటే, మోకాళ్లు కొంచెం వంచి గంపను నేరుగా దాని మీదికి జరిపింది. నేల మీద దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. బండ మీద దించితే ఎవరి సాయమూ అక్కరలేదు. గంప కింద బండ నున్నగా, మధ్యలో కాస్త గుంటపడి ఉంది.

వదిన వెళ్లి ఆ బండ పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆవిడ కుర్రాడితో సవరలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగుకూ దానికీ చుట్టరికం లేదు, అది ముండా భాషల కుటుంబం. పుస్తకంలో చదివిన ఆ మాట చెవికి తగలడం అదే మొదటిసారి. మాట చివర గొంతులో చిన్న బిగింపు వస్తోంది, తలుపు గడియ పెట్టినట్టు. ఆ బిగింపును రాయడానికి గిడుగువారు ఎంత తంటాలు పడి ఉంటారో అనుకుంటూ, అర్థం తెలియకుండానే చాలాసేపు విన్నాను.

"మీరెక్కడికి?" అని ఆవిడ తెలుగులో అడిగింది.

"పైకి, మీ ఊరి దాకా. ఊరికే నడుద్దామని వచ్చాం పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ మా ముఖాలు చూసి, వదిన మోకాళ్ల వైపు చూసి, కుర్రాడితో ఏదో చెప్పింది. అతను నవ్వి, "ఆగాల్సిన చోట ఆగకుండా వస్తున్నారట. పైన ఇంకా మూడు ఉన్నాయి, వాటి దగ్గర ఆపించమంటోంది" అన్నాడు.

మూడు ఏమిటో అప్పుడు తెలియలేదు. నడిచాక తెలిసింది. మలుపు తిరిగి ఎగువ మొదలయ్యే చోట ఒక మామిడి, గెడ్డ, అంటే కొండవాగు, దాటాక ఒక ఇప్పచెట్టు, ఊరు కనిపించే ముందు ఇంకో చింత. ప్రతిదాని కిందా నడుమెత్తులో ఒక బండ. రెండింటి మధ్య దూరం సమానంగా లేదు. ఒకచోట చాలా దగ్గర, ఒకచోట చాలా దూరం. కానీ ఊపిరి ఎక్కడ అయిపోతుందో అక్కడ చెట్టు ఉంది. గెడ్డ దాటాక ఎగువ నిటారుగా ఉంటుంది, అందుకే ఇప్పచెట్టు అంత దగ్గర. చదునుగా ఉన్న చోట అరగంట దాకా ఏమీ లేదు. బరువు మోసిన మెడలు కొలిచిన దూరాలు అవి. నెయిస్మిత్ లెక్క కాగితం సంచిలోనే ఉండిపోయింది. వదిన ఇంకెక్కడా, "ఇంకెంత దూరం?" అని అడగలేదు.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమదాలవలస అవతల మా ఊరి నుంచి మజ్జిగ కుండ తలమీద పెట్టుకుని స్టేషను దాకా వెళ్లేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. దారిలో ఒక రావిచెట్టు కింద తప్ప ఇంకెక్కడా ఆగేది కాదు. నేను కాళ్లు నొప్పులని ఏడ్చినా, "రావిచెట్టు దాకా" అనేది. ఆ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు కొట్టేశారు. ఇప్పుడు అక్కడ ఎవరూ నడవరు కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు, నాకూ ఈ రోజు దాకా తెలియలేదు.

ఊళ్లో కుర్రాడి మేనత్త ఇంటి అరుగు మీద తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఉన్నాం. చోడి (రాగి) అంబలి పోసింది, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మా చద్దన్నం, మాగాయ ఆమెకు పెట్టాం. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మాగాయ సీసా మాత్రం ఉంచుకుంది. కొండ మీది ఊట నుంచి గొట్టంలో వచ్చే నీళ్లు కుళాయిలో సన్నగా పడుతున్నాయి. మే నెలలో అదీ రోజుకు కాసేపే. మేము ఇంటి నుంచి మోసుకొచ్చిన ఆరు లీటర్లూ తాగి, ఆ కుళాయి జోలికి వెళ్లకూడదని ముందే అనుకున్నాం. అందులో మాత్రం కాగితాన్ని తప్పలేదు. మూడింటికి ఈదురుగాలి లేచి, నాలుగు ఉరుములు ఉరిమి, వాన పడకుండానే పోయింది. గాలికి మామిడికాయలు రాలిన చప్పుడుకు పిల్లలంతా పరుగెత్తారు.

మూడో రోజు ఏనుగులు దగ్గరి తోటల్లోకి వచ్చాయని అటవీశాఖ ట్రాకర్లు ఎవరినీ వెళ్లనివ్వలేదు. ఆ గదిలో, ఆ ఫ్యాను కింద రోజంతా కూర్చున్నాం. ఎదురు టిఫిన్ దుకాణంలో చల్లారిన ఇడ్లీ మూడింటికి నలభై రూపాయలు తీసుకున్నందుకు వదిన వాళ్లతో గట్టిగా మాట్లాడింది.

నాలుగో రోజు ఉదయం గుంపు దూరంగా వెళ్లిందని కబురొచ్చింది. ఆడలి వెళ్లాల్సిన రోజు అది. వదిన, "ఆ చింతచెట్టు దగ్గరికే పోదాం" అంది. నాకూ అదే కోరికగా ఉంది. వెళ్లి కూర్చున్నాం. ఆరున్నర ప్రాంతంలో పెద్దమ్మ వచ్చింది. ఈసారి గంపలో పనసకాయలు లేవు, జీడిపిక్కలు మాత్రమే నిండుగా ఉన్నాయి. సంతకు వెళ్తోంది. బండ మీద దించి, మమ్మల్ని గుర్తుపట్టి, వదినను "మోకాళ్లు?" అని అడిగింది. వదిన కాళ్లు చాపి చూపించింది.

ఆవిడతో పాటే కిందికి నడిచాం. దిగువన రోడ్డు చేరాక చెట్లు లేవు, బండలూ లేవు. బస్టాపు రేకుల కింద గంప నేల మీదే దించాల్సి వచ్చింది. ఆటో వచ్చింది, నిండుగా ఉంది. రెండోది ఆగలేదు. ఇక నడిచే వెళ్తానంది. "ఒక చెయ్యి వెయ్యి అమ్మా" అని నన్ను అడిగింది. ఇద్దరం గంప పట్టి ఎత్తాం. నడుము దాకా వచ్చేసరికే నా చేతులు వణికాయి. తలమీదికి చేరాక ఆవిడ మెడ ఒక్కసారి సర్దుకుని, రోడ్డు అంచున మట్టి మీద నడుచుకుంటూ వెళ్లిపోయింది.

శ్రీకాకుళం బస్సులో వదిన ఆ క్యాలెండరు కాగితం తీసింది. నిమిషాలు, కిలోమీటర్లు కొట్టేసి, పక్కన చింత, మామిడి, ఇప్ప, చింత అని వరుసగా రాసింది. ఇప్పచెట్టు దగ్గర, "ఇక్కడ ఎక్కువసేపు" అని రాసుకుంది. కార్తికమాసంలో గెడ్డ నిండుగా ఉంటుందని కుర్రాడు చెప్పాడు. అప్పటికి ఆ కుళాయి పక్కన నీళ్లు పట్టుకోవడానికి ఒక పెద్ద డ్రమ్ము తీసుకెళ్లాలి.