పేజీ తిప్పే చోట

అమ్మకు నీటికాసులు. రెండేళ్ల కిందట ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి వెలుతురు, ఎదురుగా మనిషి ఉంటే నీడలాగా తెలుస్తుంది, అంతే. పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కలు మానొద్దు అన్నారు డాక్టరు. చుక్కలు వేసేది నేనే. కళ్లు పోయినందుకు ఆమె పెద్దగా ఏడ్వలేదు. సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాక ఒళ్లో పుస్తకం తెరిచి, ఏమీ కనపడక మళ్లీ మూసేసిన రోజు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

అది విష్ణు సహస్రనామం, పెద్దక్షరాల పుస్తకం. అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం వేసి తనే కుట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకమే.

"అన్నేండ్లు చదివినావు గదమ్మా, నోటికి రాలేదా?" అని అడిగాను.

"వస్తాది నాయనా. మధ్యమధ్యలో తెగిపోతాంది" అంది.

పుస్తకం లేకుండా ప్రయత్నించమని పక్కన కూర్చున్నాను. "విశ్వం విష్ణుర్వషట్కారో" అని మొదలుపెట్టి చక్కగా సాగింది. ఒకచోట ఆగిపోయింది. మొదటి శ్లోకం నుంచి మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. వయసుతో వచ్చే మతిమరుపు అనుకున్నాను. తర్వాత రోజు నేను మాటతో అందించాక ముందుకు సాగి, "సహస్రాక్షః సహస్రపాత్" దగ్గర ఇంకోసారి ఆగింది. అప్పుడు ఆమె చెయ్యి చూశాను. కుడిచేతి చూపుడువేలు నాలుక మీదికి పోయింది, తడి చేసుకుని ఒళ్లోకి దిగింది. ఒళ్లో పుస్తకం లేదు.

లేచి ఆ పుస్తకం తెచ్చి తెరిచాను. పేజీకి ఆరు శ్లోకాలు. "సహస్రపాత్"తో ఇరవై నాలుగో శ్లోకం, కుడివైపు పేజీ రెండూ అయిపోయాయి. కాగితం తిప్పితే పైన "ఆవర్తనో నివృత్తాత్మా" అని ఉంది. నేను "ఆవర్తనో" అన్నానో లేదో, అమ్మ అందుకుని ముప్పై ఆరో శ్లోకం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మళ్లీ ఆగింది. మళ్లీ పేజీ.

ఆమె ఏమీ మర్చిపోలేదు. ముప్పై ఏళ్లు పేజీ తిప్పుతూ ఎక్కడ క్షణం ఆగిందో, అక్కడే దారం తెగుతోంది. పన్నెండు శ్లోకాలకు ఒకసారి ఆమెకు ఒక మాట అందించే మనిషి కావాలి. ఆ మనిషిని నేను కావాలని ఆ రాత్రే అనుకున్నాను. కార్తీక పౌర్ణమి వెళ్లిన వారం అది. మాఘ శుద్ధ ఏకాదశి, అంటే భీష్మ ఏకాదశి నాటికి నోటికి రావాలని పెట్టుకున్నాను. నేను కడపలో ఒక పసుపు మండీలో లెక్కలు రాస్తాను. ఆ తర్వాత సరుకు దిగుబడి మొదలైతే ఊపిరి సలపదు.

పుస్తకం చూసి చదివితే సరిపోదా అని నా భార్య అడిగింది. చదివి చూశాను. నేను ఎక్కడపడితే అక్కడ మాట విరుస్తుంటే అమ్మ ముఖం నొచ్చుకునేది, పైకి అనేది కాదు. "నేను పుస్తకాన్ని నమ్ముకుంటి. నువ్వట్ల నమ్ముకోవద్దు నాయనా" అంది ఒకరోజు.

మొదటి పదిహేను రోజులు వృథా. స్కూటరు మీద పోతూ వస్తూ ఫోన్లో పెట్టుకుని విన్నాను. వింటున్నంతసేపు అంతా వచ్చినట్టే ఉండేది, ఆపేస్తే రెండు శ్లోకాలు దాటేది కాదు. అప్పుడు మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు అయ్యవారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట నాతో పాడించలేదు, విడగొట్టించారు. "విష్ణుర్వషట్కారో" అంటే విష్ణుః, వషట్కారః అని రెండు నామాలు. యజ్ఞంలో ఆహుతి వేసేటప్పుడు పలికే మాట వషట్. ఈ శ్లోకాల ఛందస్సు అనుష్టుప్పు, అందులో పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలకు ముప్పై రెండు. శ్వాస రెండో పాదం చివర తీసుకోవాలి, మాట మధ్యలో కాదు. విసర్గకు ముందున్న అచ్చు నీడ పడాలి: "ప్రభుః" అన్నప్పుడు చివర "హు" వినపడాలి, "భావనః" అన్నప్పుడు "హ" వినపడాలి. ఇంత చిన్న విషయాలు తెలిశాక నాలుక దానంతటదే దారిలో పడింది.

రోజుకు రెండు శ్లోకాలు. తూకం చీటీల వెనక రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ని. పొద్దున అయ్యవారికి, సాయంత్రం అమ్మకు అప్పజెప్పేవాణ్ని. అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక్క సంగతి ఇక్కడ చాలా పనికొచ్చింది. శ్లోకాన్ని శ్లోకంగా వల్లెవేస్తే అతుకుల దగ్గర తెగుతుంది. అందుకని ఒక శ్లోకం చివరి పాదం, తర్వాతి శ్లోకం మొదటి పాదం కలిపి విడిగా ఇరవైసార్లు అనుకునేవాణ్ని. "సహస్రాక్షః సహస్రపాత్, ఆవర్తనో నివృత్తాత్మా." ఎవరైనా కంఠస్థం మొదలుపెడితే ఈ పని మాత్రం తప్పకుండా చెయ్యండి.

అర్థం తెలుసుకోవడం మొదలయ్యాక నాకు నిద్ర తగ్గింది, అంత ఆశ పుట్టింది. ఇది మహాభారతంలో ఆనుశాసనిక పర్వంలోది. యుద్ధం గెలిచినా ధర్మరాజుకు మనసు కుదుటపడలేదు. అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ప్రాణం నిలుపుకుని ఉన్న తాతగారిని ఆరు ప్రశ్నలు అడుగుతాడు. లోకంలో ఒక్కటే అయిన దైవం ఏది, అందరికీ చేరవలసిన చోటు ఏది, ఎవరిని స్తుతిస్తే, ఎవరిని అర్చిస్తే మేలు కలుగుతుంది, అన్నిటిలో గొప్ప ధర్మం ఏది, ఏం జపిస్తే మనిషి సంసార బంధం నుంచి విడుదలవుతాడు అని. దానికి జవాబే ఈ వెయ్యి నామాలు. ఒళ్లంతా బాణాలతో పడుకున్న మనిషి ఇన్ని పేర్లు తలుచుకున్నాడన్నది నాకు ఎన్నిసార్లు అనుకున్నా గుండె బరువెక్కించే సంగతి.

విష్ణువు పేర్లలో "శర్వః శివః స్థాణుః" అని నాలుగో శ్లోకంలోనే శివుడి పేర్లు వస్తాయి. "అణుర్బృహత్కృశః స్థూలో గుణభృన్నిర్గుణో మహాన్" అన్నప్పుడు చిన్నవాడూ పెద్దవాడూ, సన్ననివాడూ లావైనవాడూ, గుణాలున్నవాడూ లేనివాడూ అన్నీ ఒక్కడే. మన ఇళ్లలో దేవుడికి రూపం ఉందనేవాళ్లూ లేదనేవాళ్లూ ఇద్దరూ ఉంటారు, ఇద్దరి మాటా ఒకే పాదంలో ఉంది. "భేషజం భిషక్" అన్న చోట మందూ ఆయనే, వైద్యుడూ ఆయనే. చుక్కల మందు సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ రెండు మాటలూ అనుకోవడం అలవాటైపోయింది.

విష్ణు అనే నామం మూడుసార్లు వస్తుంది కదా, వెయ్యి తక్కువ పడవా అని అయ్యవారిని అడిగాను. శంకరాచార్యుల భాష్యంలో వచ్చిన ప్రతిచోటా వేరే అర్థం చెప్పారనీ, అందుకే అది పునరుక్తి కాదనీ వివరించారు.

నన్ను బాగా తిప్పలు పెట్టింది డెబ్బై ఎనిమిదో శ్లోకం. "ఏకో నైకః సవః కః కిం యత్ తత్పదమనుత్తమం." ఒకడు, ఒకడు కానివాడు, ఇంకో పేరు దాటగానే కః, కిం, యత్, తత్. మామూలు సంస్కృతంలో ఎవరు, ఏమిటి, ఏది, అది అనే మాటలు. అవి కూడా దేవుడి పేర్లే. భాష్యం వాటికి వేర్వేరు అర్థాలు చెబుతుంది, అయినా ప్రశ్న వేసే మాటనే పేరుగా పెట్టుకున్న దేవుణ్ని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. నాలుకకు మాత్రం ఆ చిన్న చిన్న మాటలు పట్టు దొరకవు, జారిపోతాయి.

సంక్రాంతికి చుట్టాలొచ్చి పది రోజులు గడిచిపోయాయి. నలభై నుంచి యాభై అయిదు దాకా శ్లోకాలు మర్చిపోయాను. ఆ టెన్షన్‌లో మళ్లీ మొదటినుంచి వల్లెవేస్తుంటే అయ్యవారు ఆపి, పోయినచోట మొదలుపెట్టమన్నారు. వచ్చినవి వంద సార్లు చెబితే రానివి రావన్నారు. అప్పుడే దగ్గరి చుట్టం ఒకాయన, సేద్యగాళ్ల ఇంట్లో సంస్కృతం ఎందుకురా, గోవింద నామాలు చాలవా అన్నాడు. గోవింద నామాలూ మావే. కానీ నామాల తర్వాత వాటి ఫలితం చెప్పే ఫలశ్రుతిలో ఉన్నది నేను అప్పటికే చదివాను. ఇది వినేవాడికీ, చదివేవాడికీ అశుభం కలగదని ఉంది, "మానవః" అని ఉంది. కులం పేరు లేదు ఆ చోట. ఆయనకు ఆ శ్లోకమే వినిపించాను.

రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టి అమ్మకు స్నానం చేయించి, దేవుని కడప తీసుకెళ్లాము. ఆ రోజు లక్ష్మీ వేంకటేశ్వరస్వామి తేరు. జనంలోకి దించకుండా దూరంగా నిలబెట్టాను. తేరు కదిలినప్పుడు కేకలు విని చేతులు జోడించింది. మర్నాడు భీష్మాష్టమి. ఇక మూడు రోజులే ఉంది.

ఏకాదశి సాయంత్రం దీపం పెట్టి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాము. పొద్దుట్నుంచి పండ్లు, పాలే. "శుక్లాంబరధరం విష్ణుం" నేను ఎత్తుకున్నాను. నామాలకు ముందుండే పూర్వపీఠిక అంతా అమ్మ వింటూ కూర్చుంది, "విశ్వం" దగ్గర గొంతు కలిపింది. పన్నెండు దాటింది. ఇరవై నాలుగు దాటింది, నేను "ఆవర్తనో" అన్నాను, ఆమె వచ్చేసింది. డెబ్బై ఎనిమిదిలో నేను "కః కిం" దగ్గర నిలిచిపోయాను. అమ్మ కూడా ఆగింది. రెండు క్షణాలు చూసి, "యత్ తత్" అని మెల్లగా అందించింది. "వనమాలీ గదీ శార్ఙ్గీ" మూడుసార్లు చెప్పుకుని, "శ్రీరామ రామ రామేతి" కూడా అయ్యాక, చివర్న అక్షరం తప్పినా మాత్ర తగ్గినా క్షమించమనే శ్లోకం ఉంటుంది. "యదక్షరపదభ్రష్టం." అది చెప్పేటప్పుడు నా గొంతు నిలవలేదు.

ఫలశ్రుతి ఇంకా అక్కడక్కడ చూసి చదువుతున్నాను. మండీ నుంచి ఆలస్యమైన రోజు అమ్మ దీపం దగ్గర కూర్చుని నేను కాళ్లు కడుక్కునే చప్పుడు కోసం చూస్తుంది. ఇరవై నాలుగో శ్లోకం అయ్యాక ఆమె వేలు ఇప్పటికీ నాలుక మీదికి పోతుంది. ఆ పేజీ తిరిగేంతసేపు నేను ఆగి, "ఆవర్తనో" అంటాను.