బోర్డుకు కొట్టి వేసే బంతి

చాన్నాళ్లకు నిన్న నల్లగొండలో మా పాత బడి గ్రౌండ్‌కి వెళ్లాను. బాస్కెట్‌బాల్ రింగుకు నెట్ లేదు. బోర్డు మీద మేం పెయింట్‌తో గీసిన చతురస్రం మాత్రం సగం చెరిగిపోయి ఇంకా ఉంది. దాని పైమూలకు బంతి తగిలించి రింగులో వేయడం అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు టిమ్ డంకన్‌ని చూసే నేర్చుకున్నాను. తెల్లారుజామున టీవీ ముందు నేను, వెనక అమ్మ తిట్లు: "పొద్దుగాల్నే ఏం టీవీరా, పాలు తేపో!"

అసలు డంకన్ ఈతగాడు. 1989లో హ్యూగో తుఫానుకు వాళ్ల సెయింట్ క్రోయ్ దీవిలో ఈతకొలను పాడైపోయింది, అట్లా బంతి పట్టాడు. 1997 నుంచి 2016 దాకా 19 సీజన్లు ఒక్క శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకే ఆడి, 5 టైటిళ్లు గెలిచాడు. వీడ్కోలు టూర్ లాంటి హడావిడి కూడా లేదు. మావాళ్లంతా ఇంకో స్టార్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఫ్యాన్లు, నాది ముసలోళ్ల ఆట అని ఏడిపించేవాళ్లు. (ఏడిపిస్తే ఏం, స్కోరు నాదే ఎక్కువ.)

నిన్న ఎనిమిదిసార్లు వేస్తే రెండు పడ్డాయి. రెండోది పడగానే గోడ మీద కూర్చున్న పిల్లాడు, "అంకుల్, బోర్డుకు కొట్టి వేస్తే చీటింగ్ కాదా?" అన్నాడు.

మోకాలు పట్టుకుని నవ్వాను.