ఖతర్ కాగితం మీద సంతకం పెట్టేముందు

మా ఊరు కోరుట్లకు దగ్గర. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. సౌదీకి పోయినవాడూ, మస్కట్‌కు పోయినవాడూ, ఖతర్‌కు పోయినవాడూ అందరూ దుబాయివాళ్లే. వాడకట్టులో చాలా ఇళ్లలో అలాంటివారు ఉన్నా, నేను మాత్రం 34 ఏళ్లు వచ్చేదాకా పాస్‌పోర్టును బీరువాలోంచి తీయలేదు. జగిత్యాలలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. ఎండాకాలంలో నెలకు 35 వేల దాకా వస్తాయి, చలికాలంలో 12 వేలు రావడమూ కష్టమే. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే నెలకు 22 వేలు. 2023 దసరా తర్వాత పని పడిపోయిన రోజుల్లో, స్లాబు వేయక ఆగిపోయిన ఇంటి గోడలను చూస్తూ గల్ఫ్ ఆలోచన మొదలుపెట్టాను. అక్కడి నుంచి ఒప్పందం మీద సంతకం చేసేదాకా ఏడు నెలలు పట్టింది.

అంత కాలం పట్టడానికి సగం కారణం మా చిన్నాయన. ఆయన నూటికి రెండు రూపాయల మిత్తికి లక్ష రూపాయలు తెచ్చి, డ్రైవర్ పని అని నమ్మి దుబాయికి వెళ్లారు. అక్కడ దిగాక తాపీపనివాళ్ల దగ్గర సామాను మోసే పని ఇచ్చారు. మరునాడే తిరిగిరావాలనిపించినా, ఇంటి దగ్గర మిత్తి పెరుగుతుంటే ఏ ముఖంతో రావాలని ఆగిపోయారు. తర్వాత కంపెనీ నుంచి బయటపడి, సరైన కాగితాలు లేకుండా, అక్కడివాళ్లు ఖల్లివెల్లి అనే బతుకు కొన్నేళ్లు బతికి, 2018లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇల్లు చేరారు. నేను సంగతి చెప్పినప్పుడు ఆయన వద్దనలేదు. "పోతే పో కొడుకా, కని అప్పు చేసి పోకు. అప్పుతోని పోయినోనికి మళ్లొచ్చే తొవ్వ ఉండది" అని మాత్రం అన్నారు. ఎండ గురించీ, క్యాంపు గురించీ ఎందరో చెప్పారు గానీ, నా నిర్ణయమంతా చివరికి ఈ ఒక్క మాట చుట్టే తిరిగింది.

మొదట కలిసినవాడు మా దగ్గరి పట్టణంలోని ఒక సబ్ ఏజెంటు. లక్షా ముప్పై వేలు అడిగాడు, రసీదు అడిగితే నవ్వాడు. నేను పదో తరగతి తప్పినవాడిని కాబట్టి నాది ఈసీఆర్ పాస్‌పోర్టు. అంటే గల్ఫ్ దేశాలన్నీ ఉన్న పద్దెనిమిది దేశాల జాబితాలో ఎక్కడికి పనికి పోవాలన్నా మన ప్రభుత్వపు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అది పెద్ద తలనొప్పి అనీ, విజిట్ వీసా మీద ముందు దుబాయిలో దిగితే తర్వాత మార్పిస్తాననీ అతని సలహా. ఆ అనుమతి పెట్టిందే నాలాంటివాళ్ల ఒప్పందాన్ని ఎవరో ఒకరు ఒకసారి చూడాలని. దాన్ని తప్పించుకుని పోయినవాడి పేరు ఏ లెక్కలోనూ ఉండదు, రేపు ఏదైనా జరిగితే అడిగే ఆధారమూ ఉండదు. వద్దన్నాను. నా పాస్‌పోర్టు తిరిగి ఇవ్వడానికి మాత్రం ఆరు వారాలు తిప్పుకున్నాడు.

తర్వాత మన ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్న ఏజెన్సీల పేర్లు చూసి, హైదరాబాద్‌లోని ఒకదానికి వెళ్లాను. అక్కడ ట్రేడ్ టెస్టు పెట్టారు. రాగి గొట్టాన్ని ఫ్లేరింగ్ (మూతి వెడల్పు) చేయమన్నారు, ఒక అతుకును బ్రేజింగ్ (లోహం కరిగించి అతకడం) చేయమన్నారు, గుర్తులు చెరిగిపోయిన కంప్రెసర్ ఇచ్చి మల్టీమీటరుతో కామన్, స్టార్ట్, రన్ మొనలు కనిపెట్టమన్నారు. పదిహేనేళ్లుగా చేస్తున్న పనే అయినా చేతులు చెమట పట్టాయి. పాసయ్యాక ఇచ్చిన కాగితంలో ఖతర్ రాజధాని దోహాలో ఏసీ టెక్నీషియన్ పని, జీతం 2,000 రియాళ్లు అని ఉంది. గది, రవాణా కంపెనీవే.

ఆ 2,000ను విడదీసి చూస్తే మూలవేతనం 1,300, ఇతర అలవెన్సు 400, భోజనానికి 300. ఈ విభజన చూడకుండా మొత్తాన్ని మాత్రమే చూసేవాళ్లే ఎక్కువ. అక్కడి చట్టం ప్రకారం ఓవర్‌టైం లెక్కించేది మూలవేతనం మీదే, పని వదిలి వచ్చేటప్పుడు ఏడాదికి మూడు వారాల చొప్పున ఇచ్చే గ్రాట్యుటీ కూడా మూలవేతనం మీదే. 1,300 మీద అది ఏడాదికి 910 రియాళ్లవుతుంది. మొత్తం 2,000 మీద లెక్కిస్తే 1,400 అయ్యేది. అలవెన్సుల పేరు ఎంత పెరిగితే కంపెనీకి అంత మిగులు.

ఇంటికి వచ్చి నా భార్యతో కూర్చున్నాను. మహిళా సంఘం పుస్తకాలు రాసే అలవాటు ఉండటంతో లెక్క ఆమెదే. అప్పటి రేటున రియాలుకు సుమారు 23 రూపాయలు. తిండికీ ఫోనుకూ 500 రియాళ్లు ఉంచుకుని 1,500 పంపితే 34,500 రూపాయలు. ఇంటి ఖర్చు 15 వేలు పోగా 19,500 మిగులు. సబ్ ఏజెంటు అడిగిన లక్షా ముప్పై వేలు మిత్తికి తెచ్చి ఉంటే ఎనిమిదో నెల దాకా ఆ మిగులంతా బాకీకే పోయేది. చట్ట ప్రకారం ఏజెన్సీ తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ కలిపి 35,400. అది రెండు నెలలు నిండకముందే తీరుతుంది. ఇక్కడే ఉంటే నా ఖర్చు కూడా పోను నెలకు నాలుగున్నర వేలు మిగులుతాయి. అన్నీ తీసేస్తే రెండేళ్లకు వచ్చే తేడా 3,24,600. ఆమె ఆ అంకెను ఇరవై నాలుగుతో భాగించి, "నెలకు పదమూడున్నర వేల కోసం రెండేండ్లు దూరముంటవా?" అని అడిగింది. అవుననడానికి నాకు రెండు రోజులు పట్టింది. స్లాబుకు కావలసింది నాలుగు లక్షలు, పాప ఇంకా రెండో తరగతి; పోతే ఇప్పుడే పోవాలి, అదీ ఒక్క ఒప్పందం కాలానికే అని ఇద్దరం అనుకున్నాం.

ఏజెన్సీలో 35,400కు రసీదు ఇస్తామన్నారు, అయితే పైన ఇంకో 50 వేలు చేతికివ్వాలన్నారు. నేను పైడబ్బు ఇవ్వననీ, ఆ 35,400 కూడా వీసా వచ్చాకే బ్యాంకు ద్వారా కడతాననీ చెప్పాను. వెనక లైనులో చాలామంది ఉన్నారన్నారు. తిరిగి వచ్చేశాను. పదకొండో రోజు వాళ్లే ఫోన్ చేశారు. ఇద్దరు మెడికల్‌లో తప్పారట.

ఖతర్‌కు పోయేవారికి వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఒప్పందం సంతకం అన్నీ హైదరాబాద్‌లోని ఖతర్ వీసా సెంటర్‌లోనే జరుగుతాయి, ఖర్చు కంపెనీ భరిస్తుంది. ఏప్రిల్‌లో అక్కడ కంప్యూటరు మీద నా ఒప్పందం చూపించినప్పుడు మూలవేతనం 1,000, భోజనానికి 300 అని మాత్రమే ఉంది. 2021 మార్చి నుంచి ఖతర్‌లో అమలవుతున్న కనీస వేతనం అంతే: 1,000 రియాళ్లు, కంపెనీ ఇవ్వకపోతే భోజనానికి 300, వసతికి 500. అంటే పదిహేనేళ్ల అనుభవానికి చట్టం ఎవరికైనా ఇవ్వమన్న కనీసం రాశారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "ముందు సంతకం పెట్టు, మిగిలింది అక్కడ కంపెనీ చేతికిస్తది" అన్నారు. చేతికిచ్చేది ఏ కాగితం మీదా ఉండదు. కౌంటరులోని ఉద్యోగి మర్యాదగానే, ఇష్టం లేకపోతే సంతకం చేయనక్కరలేదు, కంపెనీ సవరించి పంపితే మళ్లీ రావచ్చు అన్నారు.

నా పక్కన నిర్మల్ వైపు తమ్ముడొకడు కూర్చున్నాడు. అతనిదీ అదే తేడా. "అన్నా, నేను లక్షన్నర కట్టిన, ఎట్ల వద్దంట?" అని సంతకం పెట్టాడు. నేను లేచి బయటికి వచ్చాను. నాకు అతనికంటే ధైర్యం ఎక్కువేమీ కాదు. నేను ఇంకా ఎవరికీ పైసా కట్టలేదు, అంతే.

ఐదు వారాల తర్వాత సవరించిన ఒప్పందం వచ్చింది. మూలవేతనం 1,300, అలవెన్సు 300, భోజనానికి 300. వంద రియాళ్లు తగ్గాయి. నెలకు 2,300 రూపాయల తేడా. మళ్లీ లెక్క వేసుకుని ఒప్పుకున్నాను. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదన్న అక్కడి నియమం గురించి కూడా కనుక్కున్నాను, ఎందుకంటే ఏసీ అవుట్‌డోర్ యూనిట్లన్నీ మిద్దెల మీదే ఉంటాయి. 2020 నుంచి కంపెనీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండానే, నోటీసు ఇచ్చి పని మారవచ్చని చెబితే చిన్నాయన నమ్మలేదు. చట్టం ఉండటం వేరు, క్యాంపులో ఉన్నవాడి చేతికి అది అందటం వేరు అని ఆయన వాదన. కాదనడానికి నా దగ్గర అనుభవం లేదు.

వీసా వచ్చాక 35,400 బ్యాంకు నుంచి పంపి రసీదు తీసుకున్నాను. అది మా చిట్టీ ఎత్తిన డబ్బు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. మా సబ్ ఏజెంటు తప్పించుకోమన్న తలనొప్పిలో ఇదీ ఒక భాగం. పాస్‌పోర్టు, ఒప్పందం, బీమా, రసీదుల జిరాక్సులు రెండు జతలు తీసి ఒకటి నా భార్యకు, ఒకటి చిన్నాయనకు ఇచ్చాను. తిరుగు టికెట్టుకు సరిపోయే డబ్బు ఆమె ఖాతాలో విడిగా వేశాం, దాన్ని స్లాబుకు కూడా ముట్టుకోవద్దని అనుకున్నాం. దుకాణంలో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లవాడు గేజ్ సెట్టు, వాక్యూమ్ పంపు కొంటానన్నాడు. వాడుకోమని ఇచ్చాను గానీ అమ్మలేదు.