ఫాల్టు కొస

నార్వేలోని స్టావాంగర్‌లో నేనేం ఉద్యోగం చేస్తానో హన్మకొండలో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయిల్ కంపెనీ అనగానే అందరికీ పెట్రోల్ బంకే గుర్తొస్తుంది. మా బాపుకు మాత్రం వివరించాల్సిన అవసరం రాలేదు. గోదావరిఖని బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. "ఫాల్టులు చూస్త బాపూ" అన్న రోజున ఆయన అడిగింది ఒక్కటే: "నీళ్లొస్తున్నయా?"

ఫాల్టంటే నేలలోపల రాతి పొరలు తెగి జారిన చోటు. బాయిలో అదంటే టెన్షనే. బొగ్గు పొర ఉన్నట్టుండి తెగిపోయి ఎదురుగా రాయి వస్తుంది, పైకప్పు వదులవుతుంది, పగుళ్ల వెంట నీరు దిగుతుంది. నాకేమో ఫాల్టు కారకపోతేనే పండగ. ఉత్తర సముద్రం అడుగున ఇసుకరాతి రంధ్రాల్లో చమురు ఉంటుంది. నీటికంటే తేలిక కనుక పైకి పోవాలని చూస్తుంది. ఫాల్టు దగ్గర పొరలు జారి, ఆ ఇసుకరాయికి ఎదురుగా షేల్, అంటే బంకమట్టి గట్టిపడిన రాయి, వచ్చి నిలిస్తే అక్కడే ఆగుతుంది. ఇసుకకు ఎదురుగా ఇసుకే వచ్చినా ఒక్కోసారి ఆగుతుంది, ఎందుకంటే జారేటప్పుడు మధ్యలోని బంకమట్టి పొరలు నలిగి ఫాల్టు వెంట పూతలాగా సాగుతాయి. ఇది బాపుకు చెప్తుంటే అమ్మ వంటింట్లోంచే అందుకుంది: "అలికినట్టన్నట్టు. అలుకు పల్చగైతే నెర్రెలు బాస్తది బిడ్డా." నేను చదివిన పుస్తకాల్లో ఇంత మంచి మాట దొరకలేదు.

ఆ అలుకు ఎంతుందో మేం లెక్కగడతాం. 1997లో యీల్డింగ్, ఫ్రీమన్, నీడమ్ అనే ముగ్గురు ప్రచురించిన లెక్క అది. ఫాల్టు మీద ఒక చోటు తీసుకుని, దాని పక్కనుంచి జారిపోయిన 100 మీటర్ల పొరల్లో 30 మీటర్లు బంకమట్టి ఉంటే 30 శాతం అంటాం. సుమారు 15-20 శాతం దాటితే ఆపుతుందని నమ్మకం. ఆపినా ఎప్పటికీ ఆపుతుందని కాదు. అలుకులోని సన్నటి రంధ్రాల్లో దూరాలంటే చమురుకు కొంత ఒత్తిడి కావాలి. కింద చేరే చమురు ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక కారడమే.

మూడేళ్ల కిందట నా లెక్కలో 35 శాతం వచ్చింది. ఫాల్టు అవతలి బ్లాకులో ఎవరూ ముట్టని చమురు, మొదటినాటి ఒత్తిడితోనే ఉంటుందని రాసిచ్చాను. బావి తవ్వారు. రాత్రిపూట స్క్రీన్ మీద ప్రెషర్ అంకెలు ఒక్కొక్కటే వస్తుంటే కాఫీ చల్లారిపోయింది. ఇవతల ఏళ్లుగా తోడినందుకు ఎంత తగ్గిందో అవతల కూడా దాదాపు అంతే తగ్గి ఉంది. అంటే ఫాల్టు ఆపలేదు. మర్నాడు మీటింగులో ఎవరూ అరవలేదు. అక్కడ అరవరు. "ఇంట్రెస్టింగ్" అంటారు. దానికంటే తిడితేనే నయం.

ఆ దసరాకు ఇంటికి వచ్చినప్పుడు వరండాలో కూర్చుని పాత పేపరు అంచు మీద నా ఫాల్టు గీశాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గీత ఇంత పొడుగెందుకు గీసినవ్‌రా?"

"సీస్మిక్‌ల అట్లనే కనవడ్డది." సీస్మిక్ అంటే నేలలోకి ధ్వని తరంగాలు పంపి తీసే బొమ్మ.

"ఫాల్టుకు కొస ఉంటది. కొసకు పోయినకొద్ది జారుడు తక్కువైతది, బొగ్గు మల్ల బొగ్గును కలుస్తది. మేం అట్లనే సుట్టు తిరిగి అవతలికి పోయేటోళ్లం." పెన్ను తీసుకుని నా గీతను మధ్యలో తెంపాడు. రెండో ముక్కను కొంచెం పక్కకు జరిపి గీశాడు. రెండు కొసలు కొద్దిదూరం పక్కపక్కనే నడిచాయి.

నేనేం మాట్లాడలేదు. రెండు కొసల మధ్య పొరలు తెగవు, ర్యాంపులాగా వంగి దిగుతాయి. చమురుకు అది రాజమార్గం. పుస్తకాల్లో ఉన్న సంగతే, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ అంత లోతున పది, ఇరవై మీటర్ల జారుడు సీస్మిక్‌లో సరిగ్గా పట్టుబడదు. స్క్రీన్ మీద రెండు ముక్కలూ ఒకే గీతగా కనిపిస్తే నేనూ ఒకే గీత లాగేశాను. బంకమట్టి లెక్క తప్పు కాదు. అసలు గోడే లేనిచోట అలుకు లెక్కగట్టాను.

తిరిగి వెళ్లాక డేటా మళ్లీ తీసి చూస్తే నెలరోజులకు ఆ తెగిన చోటు దొరికింది. కొత్త మ్యాపులో రెండు ముక్కలుగా గీసి, ఆదివారం వీడియో కాల్‌లో బాపుకు చూపించాను. ఆయన ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"మంచిగనే ఉంది. ఇటు దిక్కు కొస గూడ చూసినవా?"

చూడలేదు.