అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగినవాళ్లు

మా బెజవాడలో ఏ హోటల్లో లీడర్‌షిప్ క్లాసు పెట్టినా మొదటి స్లైడు ఎవరెస్టే. జెండా పట్టుకుని ఒకాయన, కింద మబ్బులు, పక్కన ఓ కొటేషను. ఆ ఫొటో చూపించి పట్టిన పట్టు వదలొద్దు, టార్గెట్ కొట్టేదాకా ఆగొద్దు అని రెండు గంటలు వాయిస్తారు, మధ్యలో సమోసా, టీ. నేను ఎక్కినవి మన చుట్టుపక్కల కొండలే, హిమాలయాల గురించి చదవడం మాత్రం పిచ్చి. ఆ చదివిన ధైర్యంతోనే ఒక మాట అంటాను. పర్వతాల నుంచి నాయకత్వం నేర్చుకోవాలంటే పైకి చేరినవాళ్ల కథలు తర్వాత చదవొచ్చు, ముందు అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగినవాళ్లవి చదవండి.

1953 మే 29న హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కారని స్కూల్లో అందరం బట్టీ పట్టాం. దానికి మూడు రోజుల ముందు అదే బృందంలోంచి ఇంకో జత బయల్దేరిందని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. చార్లెస్ ఇవాన్స్, టామ్ బోర్డిలన్. మే 26న సౌత్ సమ్మిట్ దాకా వెళ్లారు, అప్పటిదాకా ఎవరూ అంత ఎత్తు ఎక్కిన దాఖలా లేదు. అసలు శిఖరం ఇంకో వంద మీటర్ల ఎత్తు, అంతే. కానీ టైము మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, ఇవాన్స్ ఆక్సిజన్ సెట్టు పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది. బోర్డిలన్‌కి వెళ్లాలనే ఉంది, ఉండదా మరి, ఆ రకం సెట్టు తయారుచేసిందే ఆయనా, వాళ్ల నాన్నా. ఇవాన్స్ వద్దన్నాడు. ఇద్దరూ దిగిపోయారు, ఒళ్లు హూనమై, దారిలో జారి పడుతూ లేస్తూ.

అదే రోజు లీడర్ జాన్ హంట్ ఎక్కడున్నాడో తెలుసా? కింద డేరాలో కూర్చుని ఆర్డర్లు వేస్తూ కాదు. డా నంగ్యాల్ అనే షెర్పాతో కలిసి టెంటు, తిండి, ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుని 8,300 మీటర్లు దాటి వెళ్లి, తర్వాత వచ్చే జత కోసం అక్కడ పెట్టి దిగాడు. హిల్లరీ వాళ్లు ఆ సామానే ఎత్తుకుని ఇంకాస్త పైన ఆఖరి క్యాంపు వేసుకున్నారు. ఇవాన్స్ జత దారిలో వదిలేసిన సిలిండర్లలో మిగిలిన ఆక్సిజనే శిఖరం నుంచి దిగేటప్పుడు వాళ్లకి అక్కరకొచ్చింది. ఇదంతా జెండా ఫొటోలో కనపడదు కదా.

వెనక్కి తిరిగిన ఇవాన్స్‌ని ఎవరూ ఫెయిలైనవాడిగా చూడలేదు. రెండేళ్లకి, 1955లో, 8,586 మీటర్ల కాంచనగంగకి వెళ్లిన బ్రిటిష్ బృందానికి ఆయనే లీడరు. సిక్కిం వాళ్లకి అది దేవుడి కొండ, కొసని తొక్కం అని ముందే మాటిచ్చి వెళ్లారు. మే 25న జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ పైదాకా వెళ్లి కొసకి కొన్ని అడుగుల కింద ఆగిపోయారు. అక్కడ చూసేవాడెవడు, అడిగేవాడెవడు! అయినా ఆగారు. నన్నడిగితే లీడరు ఎలాంటివాడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మనవాళ్ల సంగతీ అంతే. 1960లో ఎవరెస్టుకి వెళ్లిన మొదటి భారత బృందం 8,600 పైచిలుకు మీటర్ల దాకా వెళ్లి వాతావరణం బాగోలేక తిరిగొచ్చింది. 1962లో ఇంకాస్త పైకి, 8,700 దాటి, మళ్లీ వెనక్కి. ఆ రెండోసారి తిరిగొచ్చినవాళ్లలో ఒకడైన ఎం.ఎస్. కోహ్లీనే 1965లో లీడర్ని చేశారు. ఆ ఏడు తొమ్మిది మంది ఎక్కారు. వాళ్లలో నవాంగ్ గోంబు 1960లో వెనక్కి తిరిగినవాడు, సోనమ్ గ్యాత్సో అయితే రెండుసార్లూ తిరిగినవాడు. మన ఆఫీసుల్లో ఒక్క ప్రాజెక్టు ఆగిపోతే ఆ మేనేజర్ గతేంటో మీకే తెలుసు.

పైకి చేరినవాళ్లని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. 13 ఏళ్ల 11 నెలల వయసులో మన పూర్ణ, ఆమెతో పాటు ఖమ్మం కుర్రాడు ఆనంద్, 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డారంటే దాని వెనక భువనగిరి రాతికొండ మీద మొదలైన శిక్షణంతా ఉంది. నా గొడవ ఆ జెండా ఫొటో ఒక్కటే చూపించి మిగతాది మింగేసేవాళ్లతో.

ఇక 1996 మే 10. న్యూజిలాండ్ గైడు రాబ్ హాల్ అప్పటికే నాలుగుసార్లు ఎవరెస్టు ఎక్కినవాడు. టైము దాటితే ఎక్కడున్నా సరే వెనక్కే అని తన బృందానికి మొదట్నుంచీ చెప్తూ వచ్చినవాడు. మధ్యాహ్నం రెండు అనేది అందరికీ తెలిసిన గడువు. ఆ రోజు పైన తాళ్లు ముందే కట్టి లేవు, కొండవీటి చాంతాడంత క్యూ తయారైంది. అది చూసి హాల్ బృందంలోనే ముగ్గురు పదకొండున్నర ప్రాంతంలో లెక్కలేసుకుని, ఇక మనవల్ల కాదని దిగిపోయారు, ముగ్గురూ బతికారు. డగ్ హాన్సన్ అనే, డబ్బు కట్టి వచ్చిన క్లయింటుని అంతకు ముందు ఏడు శిఖరం కింద నుంచి హాలే వెనక్కి తిప్పాడు, నచ్చజెప్పి మళ్లీ రప్పించిందీ ఆయనే. ఆ హాన్సన్ ఈసారి పైకి చేరేసరికి దాదాపు నాలుగు. హాల్ ఆగి ఉన్నాడు. తర్వాత తుఫాను. ఆ ఇద్దరూ దిగలేదు, ఆ రెండు రోజుల్లో కొండ మొత్తం మీద ఎనిమిది మంది పోయారు. హాల్ చెడ్డ లీడరు అంటే నేనొప్పుకోను. గడువు పెట్టినవాడే దాన్ని సడలించగలిగే చోట, అదీ ఊపిరి చాలక బుర్ర మొద్దుబారే ఎత్తులో, ఎంత మంచివాడైనా జారిపోతాడని నాకనిపిస్తుంది. గట్టిగా వద్దనగలిగే ఇవాన్స్ లాంటివాడు పక్కన ఉండాలి, ఆ మాట వినాలన్న ఒప్పందం కిందే జరిగిపోవాలి.

ఆదివారాలు కొండలెక్కే మా బ్యాచ్‌లో గడియారం లీడరు దగ్గర ఉండదు, బాబాయ్ దగ్గర ఉంటుంది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, పైన కోట చూడాలన్న సరదా ఆయనకి ఇసుమంతైనా లేదు, వస్తే నడక కోసం వస్తాడు. అందుకే ఆయన. కొండవీడుకీ ఎవరెస్టుకీ పోలికేంటి అని నవ్వకండి, ఇక్కడ చంపేది మంచు కాదు, ఎండ. మే నెలలో తొమ్మిదిన్నర దాటితే మెట్ల దారిలో రాయి మీద చెయ్యి ఆనించలేం.

మొన్నామధ్య కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు పైన బురుజు కనపడుతుంటే ఆగలేకపోయాడు.

"బాబాయ్, ఇంకో పదినిమిషాలే బాబాయ్. ఒక్క రీల్ తీసుకుని వచ్చేస్తా."

"ఎక్కడానికి పది. దిగడానికెంతో చెప్పు."

"దిగేది ఈజీనే కదా."

"నీ సీసా ఇటియ్యి." తీసుకుని ఊపాడు. అడుగున రెండు గుక్కలు కూడా లేవు. ఇంకేం మాట్లాడకుండా టవల్ తలకి చుట్టుకుని కిందికి నడిచాడు బాబాయ్. కుర్రాడు ఒక నిమిషం బురుజు వంక చూసి, మొహం మాడ్చుకుని వెనకే వచ్చాడు. ఫిరంగిపురంలో మజ్జిగ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు, ఆ తర్వాతి ఆదివారం మాత్రం రెండు సీసాలతో దిగాడు.

ఎండలు ముదిరేలోపు కొండవీడుకి ఇంకోసారి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా వారధి దగ్గర ఉండండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చెప్పులతో వస్తే ఎక్కనివ్వం. నెమ్మదిగా నడిచేవాళ్లు అందరికంటే ముందు నడుస్తారు. తొమ్మిదింటికి ఎక్కడుంటే అక్కణ్నుంచే వెనక్కి, బతిమాలుకోవాలనుకుంటే బాబాయ్‌ని బతిమాలుకోండి, నన్ను కాదు.